తమ్ముడికి హెచ్‌ఐవీ పాజిటివ్ అని తెలిశాక అమ్మ పళ్ళెం వేరు చేసింది, ఎలా చెప్పాలి?

మామిడి_కొమ్మ · ఆదివారం రాత్రి 10:42

చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దగా ఉంటుంది, ఏమనుకోకండి.

మాది పశ్చిమ గోదావరి, తణుకు దగ్గర పల్లెటూరు. నాన్న లేరు. తమ్ముడికి 27 ఏళ్ళు, హైదరాబాద్‌లో పని చేసేవాడు. చలికాలంలో దగ్గు పట్టుకుంది, ఎంతకీ తగ్గలేదు, సాయంత్రమయ్యేసరికి జ్వరం, మనిషి సగమైపోయి ఇంటికొచ్చాడు. అమ్మ రెండు నెలలు వాడి పక్కనే పడుకుంది, రాత్రంతా వీపు రాస్తూ, మిరియాల కషాయం తాగిస్తూ. చివరికి కళ్ళె పరీక్ష చేస్తే టీబీ అన్నారు. టీబీ అని తేలితే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారట, అది పాజిటివ్ వచ్చింది.

ఇప్పుడు మందులు మొదలుపెట్టి ఐదో నెల. టీబీ మందులు, హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మందులు రెండూ నడుస్తున్నాయి. 9 కిలోలు పెరిగాడు, దగ్గు లేదు. అమ్మ వాడిని ఒక్క మాట కూడా అనలేదు, అది చెప్పాలి. కోడిని కోస్తే కందనకాయ వాడికే. కానీ ఆ కందనకాయ వేసే పళ్ళెం వేరు. దాని అడుగున నా పాత గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టింది. కడిగాక మిగతా గిన్నెల్లో కలపకుండా కిటికీ దగ్గర బోర్లిస్తుంది. మొన్న నేను వెళ్ళినప్పుడు చూసుకోక ఆ పళ్ళెంలోనే మా బాబుకి పెరుగన్నం కలిపాను, అమ్మ వచ్చి చేతిలోంచి లాగేసుకుంది. తమ్ముడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చూశాడు. ఏమీ అనలేదు. లేచి చెరువు వైపు వెళ్ళి చీకటి పడ్డాక వచ్చాడు.

ఇంకోటి, మా మావయ్య సంబంధాలు తెస్తున్నాడు. ఆయనకి టీబీ అనే తెలుసు. "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అంటోంది అమ్మ. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

బెజవాడ_బాబాయ్ · ఆదివారం రాత్రి 11:05

అమ్మా, ముందు ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. నువ్విక్కడ రాస్తున్నట్టు తమ్ముడికి తెలుసా? ఊరి పక్క టౌను పేరు కూడా రాసేశావు.

మామిడి_కొమ్మ · ఆదివారం రాత్రి 11:11

టౌను మార్చే రాశాను బాబాయ్ గారూ, వయసు కూడా. వాడికి చెప్పలేదు. రేపు చెప్తాను, వాడు వద్దంటే తీసేస్తాను.

నల్లకోడిపుంజు · సోమవారం ఉదయం 6:50

నన్ను తిడతారని తెలుసు, అయినా అడుగుతున్నా. వేరే పళ్ళెం పెడితే వచ్చిన నష్టమేంటి? ఇంట్లో చంటిపిల్లాడు ఉన్నాడు, ఆవిడ జాగ్రత్త ఆవిడది. కరోనాలో అందరం వేరే పళ్ళెంలోనే తిన్నాం కదా, అప్పుడెవరూ వివక్ష అని గొడవ చెయ్యలేదు.

కౌన్సిలింగ్_గది · సోమవారం ఉదయం 8:20

నేను పదకొండేళ్ళు ఒక ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష చేసి సలహా చెప్పే సర్కారు కేంద్రంలో, కౌన్సిలర్‌గా చేశాను, ఇప్పుడు మానేశాను. పుంజు గారి ప్రశ్న నాకు రోజుకి నాలుగుసార్లు ఎదురయ్యేది కాబట్టి కోపం రాలేదు.

కరోనా గాల్లో తుంపర్ల ద్వారా వస్తుంది, పైగా పద్నాలుగు రోజుల్లో పళ్ళెం మళ్ళీ అల్మరాలోకి వెళ్ళిపోయింది. హెచ్‌ఐవీ ఎంగిలి వల్ల రాదు, గ్లాసు, సబ్బు, దుప్పటి, మరుగుదొడ్డి, దోమ, వీటిల్లో దేనివల్లా రాదు. రక్తం, లైంగిక సంబంధం, సూది, తల్లి నుంచి బిడ్డకి కడుపులోగానీ కాన్పులోగానీ పాల ద్వారాగానీ, ఇంతే.

మీ అమ్మగారి విషయంలో నాకు తట్టింది వేరే. ఆవిడ రెండు నెలలు పక్కలో పడుకున్నది టీబీ ఉన్న మనిషి పక్కన, అదీ మందులు మొదలుపెట్టకముందు. నిజంగా అంటుకునేది అదే, గాలి ద్వారా. అప్పుడు ఆవిడకి భయం లేదు. ఇప్పుడు దగ్గు పోయి, మందు పనిచేసి, వాడి వల్ల ఇంట్లో ఎవరికీ ఏమీ కాని రోజుల్లో పళ్ళెం వేరయింది. అందుకే ఆవిడకి సైన్స్ చెప్పి లాభం లేదండీ. ఆవిడ భయం పేరుకి, రోగానికి కాదు. అన్నట్టు మీ ఇంట్లో అందరూ టీబీ పరీక్ష చేయించుకున్నారా? పళ్ళెం గొడవలో అది మర్చిపోకండి. మీరు, మీ బాబు కూడా ఆ రోజుల్లో అక్కడ ఉండి ఉంటే తప్పకుండా.

ఇంకా, తమ్ముడు ఏఆర్‌టీలో రోజూ ఒక మాత్ర కాకుండా పన్నెండు గంటల తేడాతో ఇంకో చిన్న మాత్ర కూడా వేసుకుంటూ ఉండాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ ఉన్నన్నాళ్ళు హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ రెండు పూటలా ఇస్తారు. అది మానకుండా చూడండి.

మామిడి_కొమ్మ · సోమవారం ఉదయం 9:02

అవునండీ, పొద్దున ఒకటి రాత్రి ఒకటి. అమ్మ అది చూసి "రెండు పూటలా అంటే ముదిరిందన్నమాట" అనుకుంటోందట! ఎవరూ చెప్పలేదు మాకు ఎందుకో. టీబీ పరీక్ష అమ్మకి చేశారు, నాకూ బాబుకీ చేయించలేదు, ఈ వారమే వెళ్తాను.

తమ్ముడితో మాట్లాడాను. "పేరు లేకుండా రాస్తే రాసుకో, చదివి నాకూ చెప్పు" అన్నాడు.

రెండో_వరస · సోమవారం మధ్యాహ్నం 1:30

నాది 2005 నుంచి కథ. పేరు అడక్కండి, గుంటూరు వైపు.

మా ఆయన లారీ మీద వెళ్ళేవాడు. నేను కడుపుతో ఉన్నప్పుడు చెకప్‌లో నాకు తెలిసింది, ఆయనకి తర్వాత తెలిసింది. కానీ ఊళ్ళో కథ ఎలా అయిందంటే, ముందు నాకు బయటపడింది కాబట్టి నేనే తెచ్చానని. అప్పట్లో పులిరాజా బోర్డులు రోడ్డు పొడుగునా ఉండేవి గుర్తుందా, పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అని. అందరూ నవ్వుకున్నారు, పేరు బాగా తెలిసింది. మా వీధి పిల్లలు మా ఆయన్ని పులిరాజా అని పిలిచేవాళ్ళు. ఆయన 2007లో పోయాడు. పదకొండో రోజు కాగానే మా అత్త నా ట్రంకుపెట్టె బయట పెట్టింది. ఇల్లు ఆయన పేరు మీద లేదు, మామగారి పేరు మీద. చట్టం లేదు, గిట్టం లేదు, నాకు తెలిసినవాళ్ళూ లేరు.

కాన్పు సమయంలో బిడ్డకి రాకుండా నాకు ఒక నెవిరపిన్ మాత్ర, పాపకి చుక్కలు, అంతే అప్పట్లో. మా అమ్మాయి నెగెటివ్. పద్దెనిమిదో నెల పరీక్ష రిపోర్టు తీసుకున్న రోజు బస్టాండులో కూర్చుని ఒక పుచ్చకాయ మొత్తం తిన్నాను, ఎందుకో తెలీదు, ఆకలి అంతే.

మా అమ్మ చేరదీసింది. కానీ మా అమ్మ ఇంట్లో కూడా వేరే గ్లాసే, అది పదేళ్ళు ఉంది. నేను అడగలేదు. నీడ ఇచ్చిన మనిషిని గ్లాసు గురించి ఏం అడుగుతాం? ఇప్పుడు అనిపిస్తుంది, అడగాల్సింది. మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు ఆడుకుంటూ బొమ్మ కోసం కూడా "ఇది నీ గ్లాసు, అమ్మ గ్లాసు" అని వేరే పెట్టింది. ఆ రోజు మాత్రం ఏడ్చాను.

మందులు మొదట స్టావుడిన్ ఉండేది, కాళ్ళు మంటలు, బుగ్గలు లోపలికి పోయేవి, ముఖం చూస్తేనే ఊరికి తెలిసిపోయేది. తర్వాత రెండో లైన్ మందులకి మార్చారు, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. మీ తమ్ముడికి ఆ బాధలు లేవు, ఇప్పటి మాత్ర మంచిది. మంచిదంటే ఏంటో మాలాంటి పాతవాళ్ళని అడగండి.

అత్తగారికి గొంతు చివర్లో పడిపోయింది. చూసుకోవడానికి ఎవరూ రాలేదు, నేనే వెళ్ళి ఆరు నెలలు చేశాను. నా చేతి జావే తాగింది. ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

నల్లకోడిపుంజు · సోమవారం మధ్యాహ్నం 2:15

అక్కా, నేను పొద్దున రాసింది మీకు తగిలి ఉంటే మన్నించండి.

రెండో_వరస · సోమవారం మధ్యాహ్నం 2:40

తగిలే చోటు ఎప్పుడో మొద్దుబారింది తమ్ముడూ. అడిగావు, మంచిదే. అడగకుండా గ్లాసు జరిపేవాళ్ళతోనే కష్టం.

చూరు_కింద · సోమవారం సాయంత్రం 5:10

పళ్ళెం మాట వచ్చింది కాబట్టి. మా తాతకి మా ఊరి టీకొట్లో వేరే గ్లాసు ఉండేది, చూరుకి గుచ్చి పెట్టేవాళ్ళు. తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే గుచ్చాలి. మా తాతకి ఏ రోగమూ లేదు, మేం ఫలానా కులం, అంతే. అంటు, ముట్టు, ఎంగిలి, మైల, ఇవన్నీ మన వంటింట్లో వైరస్ కంటే ముందు నుంచే ఉన్నాయి. హెచ్‌ఐవీ వచ్చి ఆ ఖాళీ గూట్లో కూర్చుంది. అందుకే "వైరస్ ఎంగిలి వల్ల రాదు" అని ఎన్నిసార్లు చెప్పినా దిగదు. మా ఊరి టీకొట్లో ఇప్పుడు అందరికీ పేపర్ గ్లాసులు. మార్పు వచ్చిందా, కొట్టువాడికి కడిగే పని తప్పిందా, నాకు తెలీదు.

జగిత్యాల_రాజన్న · సోమవారం రాత్రి 9:30

మా దిక్కు సంగతి జెప్తా. గల్ఫ్ పోవాలంటే మెడికల్ తప్పదు, అండ్ల హెచ్‌ఐవీ పరీక్ష ఉంటది, పాజిటివ్ వస్తే వీసా లేదు. అక్కడ పని చేస్తున్నప్పుడు రెన్యువల్‌లో దొరికినా పంపించేస్తారు. దాంతో మా ఊళ్ళల్ల ఏమైందంటే, మెడికల్ ఫెయిల్ అయిండంటే చాలు, పచ్చకామెర్లయినా ఊపిరితిత్తుల మచ్చయినా, జనం "ఆ జబ్బే" అనుకుంటరు. మా పక్కింటాయనకి పాత టీబీ మచ్చ. పెండ్లాన్ని పుట్టింటోళ్ళు తీస్కపోయిండ్రు, రిపోర్టు చూపెట్టినంక పంపిండ్రు. నిజంగా ఉన్నోళ్ళ సంగతి ఇగ చెప్పేదేముంది. ఆసరాల 2,016 పింఛను వస్తదని తెలిసినా రాయించుకోరు, కాగితం ఎవరి చేతుల పడుతదో అని.

బెజవాడ_బాబాయ్ · సోమవారం రాత్రి 9:48

మా వైపు కూడా అంతే రాజన్నా. ఏపీలో ఏఆర్‌టీ వాడేవాళ్ళకి పింఛను 4,000, తక్కువేం కాదు. కానీ సచివాలయంలో కూర్చునేది మన ఊరి పిల్లలే కదా.

కోర్టు_కాంటీన్ · మంగళవారం ఉదయం 7:40

వకీలుని, క్లుప్తంగా రాస్తాను. 2017లో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. కలిసి ఉంటున్న ఇంట్లోంచి పాజిటివ్ మనిషిని గెంటేయడానికి, ఒక గదికో వసారాకో పరిమితం చేయడానికి వీల్లేదు. రెండో_వరస గారికి 2007లో లేనిది ఇదే. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, వీటిలో వివక్ష చూపకూడదు. అతని అనుమతి లేకుండా అతని స్థితి బయటపెట్టకూడదు. వందమంది, అంతకు మించి ఉన్న సంస్థలో, ఆస్పత్రి అయితే ఇరవైమంది ఉన్నా, ఫిర్యాదుల అధికారి ఉండాలి. రాష్ట్రానికి ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉండాలి.

అమ్మ మీద ఈ చట్టం పెట్టమని నేను చెప్పట్లేదు, నవ్వొస్తుంది. కానీ రేపు ఊళ్ళో పెద్దమనుషులో, ఇంటి ఓనరో ఏమైనా అంటే ఇది గుర్తుండాలి. 1097కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

రెండో_వరస · మంగళవారం ఉదయం 8:15

చట్టం వచ్చాక కూడా నాకు పిత్తాశయం ఆపరేషన్‌కి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మూడుసార్లు తేదీ మార్చారు, చివరికి "మిషన్ రిపేరు" అన్నారు. మంచం తలాపున కేస్‌షీట్ మీద ఎర్ర స్టిక్కర్. ఊడ్చే ఆవిడ అది చూసి నా మంచం కింద మాత్రం ఊడ్చేది కాదు. ఫిర్యాదు చెయ్యొచ్చని తెలుసు వకీలు గారూ, చేస్తే నా పేరు ఎన్ని ఫైళ్ళలో ఎక్కుతుందో కూడా తెలుసు. వేరేచోట చేయించుకున్నాను, చక్కగా చేశారు.

పుట్టుకతో · మంగళవారం రాత్రి 11:55

నాకు 22. అమ్మానాన్న ఇద్దరూ నాకు ఊహ తెలియకముందే పోయారు. అమ్మమ్మ పెంచింది. మందు డబ్బా మీద కాగితం చింపేసి, లోపల దూది కుక్కేది, బస్సులో మాత్రలు గలగలమనకుండా. "గుండె బలానికి" అనేది. పన్నెండేళ్ళప్పుడు మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో లైన్లో నిలబడి గోడ మీద పోస్టర్ చదివాను. నా మాత్ర పేరు అందులో ఉంది. అమ్మమ్మ వైపు చూశాను. ఆవిడకి చదువు రాదు, నేను ఏం చదివానో ఆవిడకి తెలీదు. ఇంటికెళ్ళేదాకా ఏమీ అడగలేదు.

నేను చెప్పాలనుకున్నది ఒకటే. మా అమ్మమ్మ నేను వదిలేసిన అన్నం తినేది, నా కంచంలోనే, నా ఎంగిలి. పప్పు మిగిలితే వేలితో తుడుచుకుని తినేది. అప్పుడు నాకు అది మామూలు విషయం, ఏ అమ్మమ్మయినా తింటుంది కదా. హాస్టల్‌కి వెళ్ళాక మిగతావాళ్ళ ఇళ్ళ సంగతులు విన్నాను, అప్పుడు తెలిసింది ఆవిడ ఏం చేసిందో. 14 నుంచి 16 దాకా నేను మందులు మానేశాను కోపంతో, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, లక్షల్లోకి వెళ్ళింది, రోగంతో పోరాడే సీడీ4 కణాలు 90కి పడిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టింది కూడా ఆ కంచం గుర్తొచ్చే.

మామిడి_కొమ్మ అక్కా, అమ్మ సంగతి తర్వాత, నువ్వు తమ్ముడి పళ్ళెంలో తింటావా?

మామిడి_కొమ్మ · బుధవారం ఉదయం 6:05

రాత్రి చదివాను. జవాబు రాయలేకపోయాను. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నాం ఇద్దరం. ఇది తెలిశాక తినలేదు. కుదరలేదు అని చెప్పుకున్నాను ఇన్నాళ్ళూ.

కౌన్సిలింగ్_గది · బుధవారం ఉదయం 9:15

మిమ్మల్ని కించపరచడానికి కాదు, ఇంకో ప్రశ్న. మీ ఆయనకి చెప్పారా?

మామిడి_కొమ్మ · బుధవారం ఉదయం 9:50

లేదు. టీబీ అనే చెప్పాను. మా అత్తగారికి తెలిస్తే బాబుని పుట్టింటికి పంపరు.

కౌన్సిలింగ్_గది · బుధవారం ఉదయం 10:30

అలాంటప్పుడు అమ్మగారు మీ బాబు చేతిలోంచి పళ్ళెం ఎందుకు లాక్కున్నారో ఒకసారి ఆవిడనే అడగండి. నేను ఊహించినది రాయను.

మిగతా రెండూ చెప్తాను. తమ్ముడు సరే అంటేనే అమ్మని సెంటర్‌కి తీసుకెళ్ళండి. అతని అనుమతి లేకుండా అక్కడివాళ్ళు ఆవిడతో ఏమీ మాట్లాడరు, మాట్లాడకూడదు. పెళ్ళి విషయం, దాచి చేస్తే మోసం, ఇందులో రెండో మాట లేదు. మావయ్యకి "డాక్టర్ ఏడాది ఆగమన్నాడు" అనండి చాలు, కారణం చెప్పక్కర్లేదు. పెళ్ళే వద్దని కాదు నేననేది. వైరల్ లోడ్ కనిపించనంత తగ్గి, అలాగే నిలబడితే శృంగారం ద్వారా భాగస్వామికి వెళ్ళదు. యూరప్‌లో పార్ట్‌నర్ అధ్యయనాల్లో ఒకరికి ఉండి ఒకరికి లేని వందల జంటల్ని ఏళ్ళ తరబడి చూశారు, అలా ఒక్కరికి కూడా రాలేదు. పాజిటివ్ వాళ్ళు పాజిటివ్ వాళ్ళని చేసుకున్న పెళ్ళిళ్ళు నేనే ఎన్నో చూశాను, తెలిసి ఇష్టపడి చేసుకున్న నెగెటివ్ అమ్మాయిలూ ఉన్నారు. ఆరో నెలలో వైరల్ లోడ్ తీస్తారు, ఆ కాగితం చూశాక మాట్లాడుకోవచ్చు.

నల్లకోడిపుంజు · బుధవారం మధ్యాహ్నం 12:20

వందల జంటల్లో ఒక్కరికి కూడా రాలేదా? ఇది మా ఊళ్ళో ఎవరికీ తెలీదండీ. పులిరాజా బోర్డులు అన్ని పెట్టారు, ఇది కూడా ఒక బోర్డు మీద రాయొచ్చుగా.

చూరు_కింద · బుధవారం మధ్యాహ్నం 12:45

భయపెట్టే బోర్డుకే డబ్బులుంటాయి బ్రో. విచిత్రం ఏంటంటే ప్రపంచం వేసుకునే ఈ మాత్రల్లో చాలా భాగం తయారయ్యేది హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ పరవాడలో. అందులో పనిచేసే మా బావమరిదికి కూడా పక్కవాడి గ్లాసులో నీళ్ళు తాగితే వస్తుందని అనుమానమే.

మామిడి_కొమ్మ · తర్వాతి మంగళవారం రాత్రి 10:20

మీరందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

అమ్మని అడిగాను. "నాకొస్తే రానీ, నా కొడుకే. పిల్లాడికేదన్నా అయితే అల్లుడికి ఏం చెప్పను, నీ కాపురం ఏమవుతుంది" అంది. నా దగ్గర జవాబు లేదు.

నిన్న ముగ్గురం సెంటర్‌కి వెళ్ళాం. మా జిల్లాలో కాదు, తమ్ముడు గోదావరి దాటి అవతలికి వెళ్తాడు, తెలిసినవాళ్ళు కనిపించకుండా. బ్రిడ్జి మీద బస్సు వెళ్తుంటే అమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ నదిలోకి విసిరి దణ్ణం పెట్టుకుంది. సెంటర్‌లో రెండు గంటలు లైన్. అమ్మ తల మీద కొంగు కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి తలెత్తి చూస్తే ఎదురు బెంచీ మీద మా ఊరి గుడివీధి ఆవిడ, ఏఆర్‌టీ మందులవాళ్ళకిచ్చే గ్రీన్ బుక్ ఒళ్ళో పెట్టుకుని. ఇరవై ఏళ్ళుగా మా ఇంటికి వచ్చిపోయే మనిషి. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని చటుక్కున తల తిప్పేసుకున్నారు.

లోపల కౌన్సిలర్ చాలా చెప్పింది, అమ్మ వింటున్నట్టే లేదు. చివర్లో "మరి ఎవరికీ తెలీకుండా ఇన్నేళ్ళు ఎలా తిన్నారమ్మా వాళ్ళింట్లో" అంది. కౌన్సిలర్‌కి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. గుడివీధి ఆవిడ ఇంట్లో వ్రతానికి, పేరంటానికి అమ్మ ఎన్నిసార్లు తిందో.

ఇవాళ పొద్దున ఆవిడ మనవరాలితో ఒక గిన్నెడు గోంగూర పచ్చడి పంపింది. ఏ మాటా లేదు. అమ్మ మధ్యాహ్నం అదే వేసుకుని తింది, తమ్ముడికీ వేసింది.

పళ్ళెం ఇంకా అదే. చుక్క మాత్రం తోమీ తోమీ సగం పోయింది, అమ్మ మళ్ళీ పెట్టలేదు. గోళ్ళరంగు సీసా అక్కడే ఉంది. రాత్రి నేను తమ్ముడి పక్కన కూర్చుని వాడి పళ్ళెంలోంచి రెండు ముద్దలు తిన్నాను. "ఎందుకే ఈ డ్రామా, ఆ ఫోరమ్ వాళ్ళు చెప్పారా" అన్నాడు. నవ్వాడు మాత్రం.

పుట్టుకతో · మంగళవారం రాత్రి 10:41

అవును, మేమే చెప్పాం అని చెప్పు బ్రోకి.

రెండో_వరస · బుధవారం ఉదయం 7:00

గుడివీధి ఆవిడ జోలికి ఎవరూ వెళ్ళకండి. మీ అమ్మగారిని కూడా ఎక్కడా అనొద్దని చెప్పండి. ఆ గిన్నె ఖాళీగా పంపకు, ఏదైనా వేసి పంపు.

మామిడి_కొమ్మ · బుధవారం ఉదయం 7:25

అమ్మ నిన్ననే సున్నుండలు చేసిందక్కా, ఆ గిన్నెలో వేసి పంపడానికే అనుకుంటాను. మా ఆయనకి తనే చెప్తానన్నాడు తమ్ముడు, పండక్కి వచ్చినప్పుడు. నేను వద్దనలేదు.

కౌన్సిలింగ్_గది · బుధవారం ఉదయం 9:05

మీ టీబీ పరీక్ష అయిందా?